కూరతోటలో బూజు తెగుళ్లును, వైరసు తెగుళ్లును

మన పాఠశాల ఆవరణమునకు ఉత్తరపు వైపున, బావికి ఆనుకొని, కూరతోట యొకటి కలదని చదువరులలో చాలమంది యెఱుగుదురు. అందు పండిన కూరలే వసతిగృహపు వంటశాలకు పోవును. వారమునకు రెండు దినములు తోటపని గంటలో విద్యార్థులు నీరు పెట్టుట, కలుపు తీయుట, కాయలు కోయుట మొదలగు పనులు చేయుచుందురు. నిరుడు ఆ తోటయందు మాకు రెండు నష్టములు కలిగినవి. ఆ నష్టములకంటె వానివలన మేము నేర్చిన పాఠము విలువైనది గనుక, దానిని ఈ వార్షిక సంచికయందు విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపదలచితిమి.

వేసవి పంటకుగాను నాలుగు మళ్లలో బెండ విత్తితిమి. మొక్కలు జానెడెత్తు పెరిగి పూతకు రాకమునుపే, ఒక మడిలో రెండు మొక్కల లేతాకులయందు ఈనెలు పసుపుపచ్చగా మాఱెను. ఆకు పచ్చగానే యుండి, ఈనెలు మాత్రము పసుపుదారముతో అల్లిన వలవలె కనబడుచుండెను. ఆ రెండింటిని పీకివేయుదమని యొకరు చెప్పగా, వానికి నీరు పోసి పెంచిన ఏడవ తరగతి బాలిక కన్నీరు పెట్టుకొని, “అయ్యా, రెండు దినములు చూడుడు, ఒకవేళ బాగుపడునేమో” అని వేడుకొనెను. మేమును జాలిపడి ఊరకుంటిమి. రెండు దినములు రెండు వారములయ్యెను. పసుపువల నాలుగు మళ్లకును ప్రాకెను. అప్పుడు తొందరపడి పట్టణపు అంగడినుండి రాగిమందు తెప్పించి, మూడుమాఱులు చల్లితిమి. లేశమైనను గుణము కనబడలేదు. కాసిన కొద్దికాయలును పాలిపోయి, గిడసబారి, పీచుకట్టి యుండెను.

తొలకరి వానలతో మిరపనారు పోసితిమి. మొలకలు దట్టముగా వచ్చినందున సంతసించితిమి. నాలుగుదినములు ముసురు పట్టగా, ఒక ఉదయమున మడి నడుమ చాపంత మేర నారు నేలకు ఒరిగియుండెను. ప్రతి మొలకయు మన్ను తాకుచోట నీరుకారి, దారముతో బిగించినట్లు సన్నబడి యుండెను. ఈసారి మందు తెప్పింపలేదు. ఏలయన, “రాగిమందు పనికిరాదని బెండవలన తెలిసినదికదా” అని తలచితిమి. మూడవదినమునకు మడి సగము ఖాళీయయ్యెను.

ఆ దినములలోనే బిడ్డను చూడవచ్చిన కౌలురైతు ఒకరు మాతోట చూచి నిట్టూర్చెను. ఆయన తన అరయెకరములో టమాట వేసి, ఆకులు ముడుచుకొనగా అప్పు తెచ్చి, అంగడివారు ఇచ్చిన మందెల్ల చల్లి, తుదకు పంటను పశువులకు వదలినారట. “అయ్యగారూ, ఆ మందు మంచిదికాదా, లేక చల్లిన నా చేతిలోనే లోపమున్నదా?” అని ఆయన మమ్ము అడిగెను. ఆ ప్రశ్నకు మేము ఆనాడు సమాధానము చెప్పజాలకపోతిమి. పిదప గ్రంథములు చదివియు, తెలిసినవారిని అడిగియు, మొక్కలను చూచియు తెలిసికొన్న సంగతి యిది. తెగుళ్లన్నియు ఒక జాతివి కావు. ఒకదానికి అమృతమైనది మఱియొకదానికి వట్టినీరు. కావున మందు పేరు అడుగుటకు ముందు తెగులు పేరు అడుగవలెను.

1. బూజు తెగుళ్లు

వానకాలమున తడిసిన తోలు చెప్పులమీదను, నిలువయున్న రొట్టెమీదను, మూతపెట్టుట మఱచిన ఊరగాయమీదను తెల్లని నూగువంటి బూజు పట్టుట మీరెల్లరు చూచియుందురు. దానిని శాస్త్రమున శిలీంధ్రమందురు. మొక్కలకుండు పచ్చదనము దానికి లేదు గనుక ఎండనుండి తన ఆహారము తాను చేసికొనజాలదు. చచ్చినదానినో బ్రతికినదానినో తిని జీవింపవలసినదే. దాని దేహము సన్నని దారములు. ఆ దారములనుండి పుట్టు ధూళివంటి కణములకు సిద్ధబీజములని పేరు. అవి గాలిలో ఎగిరియు, వానచినుకుల చిందులతో ఎగసియు, విత్తనమును అంటియు, మంటిలో దాగియు ఒకచోటినుండి మఱియొకచోటికి పోవును. ఆకుపై పడిన సిద్ధబీజము చాలవఱకు తడిలేనిదే మొలవదు. ఆకు కొన్ని గంటలసేపు తడిగా నుండినచో మొలిచి, లోనికి చొచ్చుకొనిపోవును. ముసురుదినములలో తెగులు పెచ్చుపెరుగుటకు కారణమిదియే.

మా మిరపమడిని చెఱచినది నారుకుళ్లు. పితియము అను సూక్ష్మజీవి దీనికి ముఖ్యకారణము. అది మంటిలో నివసించును, మడిలో నిలిచిన నీటియందు ఈదుచు వేరునుండి వేరునకు పోవును. పితియమును, దాని దాయాదియైన ఫైటాఫ్తొరాను నేటి శాస్త్రజ్ఞులు అసలైన శిలీంధ్రములనుండి విడదీసి వేఱుతరగతిలో చేర్చియున్నారు. ఐనను సేద్యగానికి వాని నడవడి బూజు నడవడియే. నీరు నిలిచిన మడియు, దట్టముగా చల్లిన విత్తనమును దానికి విందు.

మిరపపండ్లకు వచ్చు కాయకుళ్లు మఱియొకటి. పండి యెఱ్ఱబాఱిన కాయపై గుండ్రని మచ్చ గుంటపడి, దానిలో నల్లని చుక్కలు వలయములుగా తేలును. కోయంబత్తూరు ప్రాంతపు మిరపనుండి ఈ శిలీంధ్రమును సైడో అను శాస్త్రజ్ఞుడు 1913వ సంవత్సరమున మొదట వర్ణించెను. ఇది విత్తనముతో కూడ వచ్చును. మచ్చకాయ ఎండి తెల్లబాఱి తాలుకాయయగును. తాలుకాయలకు గుంటూరు మిరపయార్డులో ధర యెంత తగ్గునో మిరప పండించువారికి మేము చెప్పనక్కఱలేదు.

టమాటకు వచ్చు ఆకుమాడు తెగులులో గోధుమరంగు మచ్చలు క్రిందియాకులనుండి మొదలై పైకి ప్రాకును. మచ్చలోపల, చెట్టు మొద్దును అడ్డముగా కోసినప్పుడు కనబడు వలయములవంటి వలయములుండును. బెండకును, ఆనప, గుమ్మడి మొదలగు తీగలకును వచ్చు బూడిద తెగులులో ఆకుమీద పిండి చల్లినట్లుండును. బూజు తెగుళ్లలో ఇది వింతయైనది. దీనికి ఆకు తడియక్కఱలేదు. పగలు పొడిగాను, రాత్రి చల్లగాను ఉన్న దినములలోనే బలపడును.

ఇట్టి తెగుళ్లు తోటలకే కాక దేశములకును చేటు తేగలవు. 1845వ సంవత్సరము మొదలుకొని ఐర్లండు దేశమున ఉర్లగడ్డపంట వరుసగా మాడి కుళ్లిపోగా, సుమారు పదిలక్షలమంది మరణించిరి. మఱి పదిలక్షలమంది దేశము విడిచిపోయిరి. ఆ దినములలో పలువురు పండితులు బూజు రోగమునకు కారణముకాదు, కుళ్లినదానిపై పుట్టిన ఫలితమే యని వాదించిరి. 1861వ సంవత్సరమున జర్మనీదేశస్థుడగు డి బారి అను పండితుడు, సిద్ధబీజములు తాకిన మొక్కకే రోగము వచ్చును, తాకనిది ఆరోగ్యముగా నుండునని ప్రయోగముచేసి చూపి, ఆ వాదము తీర్చెను.

మందు దొఱకిన కథయు వినదగినది. ఫ్రాంసుదేశమున బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలవారు దారిప్రక్కనున్న పండ్లను బాటసారులు దొంగిలింపకుండ, విషమని తోచునట్లు మైలుతుత్తమును సున్నమును కలిపి ఆ తీగలపై చల్లుచుండిరి. 1882వ సంవత్సరమున మిల్లార్డే అను ఆచార్యుడు ఆ దారిన పోవుచు, తక్కిన తోటయంతయు బూజుపట్టి యాకులు రాలియుండగా దారిప్రక్క తీగలు మాత్రము పచ్చగా నుండుట గమనించెను. పరిశోధించి 1885లో ఆ మిశ్రమమును లోకమునకు ప్రకటించెను. బోర్డో మిశ్రమమని నేటికిని వాడుచున్నది అదియే.

మన దేశమున ఈ శాస్త్రమునకు పునాది వేసినవారిలో బట్లర్ దొర ముఖ్యుడు. ఆయన బీహారులోని పూసాలో పనిచేసి, 1918లో శిలీంధ్రములను గూర్చియు మొక్కల రోగములను గూర్చియు పెద్దగ్రంథము ప్రకటించెను. 20వ శతాబ్దపు ఆరంభమున గోదావరి డెల్టాలో తాటిచెట్ల మొవ్వు కుళ్లి అనేక చెట్లు చచ్చుచుండగా, ఆ రోగమును పరిశోధించినవాడును ఆయనయే.

2. వైరసు తెగుళ్లు

బూజును సూక్ష్మదర్శినితో చూడవచ్చును. వైరసు దానికిని అందదు. దాని ఉనికి తెలియుటకే పొగాకుమొక్క కారణమయ్యెను. హాలెండులో పొగాకు ఆకులు పచ్చ, పసుపు మచ్చలతో గళ్లగళ్లుగా మాఱుచుండగా, మేయర్ అను శాస్త్రజ్ఞుడు ఆ తెగులునకు మొజాయికు అని పేరుపెట్టి, రోగపుటాకు రసమును మంచిమొక్కకు ఎక్కించినచో దానికిని తెగులు వచ్చునని 1886లో ప్రకటించెను. 1892లో రష్యాదేశపు ఇవనోవ్‌స్కీ ఆ రసమును పింగాణివడపోతలో వడగట్టెను. బాక్టీరియములు కూడ దాటరాని ఆ వడపోతను దాటిన తేటరసము కూడ రోగము కలిగించెను. 1898లో బైయరింకు ఇది బాక్టీరియము కాదనియు, బ్రతికిన మొక్కలోనే వృద్ధిపొందు క్రొత్త అంటుపదార్థమనియు నిశ్చయించెను. 1935లో అమెరికాదేశపు స్టాన్లీ దానిని స్ఫటికములుగా వేఱుచేసెను. ఆ కృషికి 1946లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగము పొందెను. 1939లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిచేత దాని రూపము మొదట కంటబడెను. ఒక మిల్లీమీటరును పదిలక్షల సమభాగములు చేసినచో, అట్టి భాగములు 300 పొడవును 18 మందమును గల పుల్లయే పొగాకు మొజాయికు వైరసు.

వైరసు తినదు, ఊపిరి పీల్చదు, తనంతట తాను పెరుగదు. అచ్చుకూటములోనికి ఎవడో దొంగప్రతి చేరవేసినచో, పనివారు తెలియక తమ సిరాతో, తమ కాగితముతో దానినే వేలకొలది ప్రతులు అచ్చువేసినట్లు, మొక్కకణములోనికి వైరసు చేరినపిమ్మట ఆ కణమే తన బలమును ధారపోసి వైరసులను తయారుచేయును. రాగిమందు ఆకుమీద పూతవలె నిలిచి, లోనికి రాబోవు బూజును అడ్డగించును. ఈనెలలో ప్రవహించు వైరసును అది చేరనే చేరదు. వైరసు సోకిన పైరును బాగుచేయు చల్లుమందు నేటివఱకును లేదు. మేము బెండపై మూడుమాఱులు చల్లిన మందు ఇంటిలో దొంగ యుండగా బయట తలుపునకు తాళమువేసినట్లయ్యెను.

మఱి వైరసు ఒక మొక్కనుండి మఱియొక మొక్కకు ఎట్లు పోవును? వాహనములు కలవు.

మొదటిది తెల్లదోమ. పేరు దోమయైనను మనలను కుట్టునది కాదు. సుమారు మిల్లీమీటరు పొడవుండి, ఆకు అడుగున దాగి రసము పీల్చును. మొక్కను కదలించినచో బూడిద ఎగిరినట్లు లేచి మరల వ్రాలును. బెండకు వచ్చు పల్లాకు తెగులును వ్యాపింపజేయునది యిదియే. బొంబాయి రాజధానిలో ఈ తెగులును 1924లో కులకర్ణి గుర్తించెను. 1940లో ఉప్పల్, వర్మ, కపూర్ అనువారు ఇది వైరసుతెగులని తేల్చి, ఈనెలు పసుపగుటనుబట్టి పేరు పెట్టిరి. టమాట ఆకుముడతయు, మిరప ఆకుముడతయు ఈ దోమవలననే వచ్చును. తెల్లదోమ ఈ వైరసును గ్రహించుటకు కొంతసేపు రసము పీల్చవలెను. ఒకసారి గ్రహించినచో బహుదినములవఱకు, తఱచు తాను బ్రతికియున్నంతకాలము, దానిని మోయును.

రెండవది పేనుబంక. దోస, గుమ్మడి, మిరప మొదలగువానిలో మొజాయికు తెగుళ్లను ఇది మోయును. దీని పద్ధతి వేఱు. కొన్ని క్షణములు ఆకును రుచి చూచినంతమాత్రముననే వైరసును ముక్కుకొనకు అంటించుకొని, ప్రక్కమొక్కను రుచిచూచునప్పుడు విడిచిపెట్టును. పురుగుమందు తగిలి పేను చచ్చులోపలనే ఆ పని ముగియును. కావున పేనుబంక మోయు మొజాయికునకు పురుగుమందు చల్లుట తఱచు వ్యర్థమగును.

మూడవది మన చేయి. పొగాకు మొజాయికు వైరసు ఎండిన పొగాకులో కూడ బహుకాలము చెడక యుండును. చుట్ట చుట్టిన చేతితో టమాటనారును, మిరపనారును ముట్టినచో తెగులు అంటవచ్చును. పొగాకు పండించు మన జిల్లాలలో ఈ సంగతి ముఖ్యముగా గమనింపదగినది. నారు ముట్టుటకుముందు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పల్లాకు సోకిన బెండకాయలు తిన్నచో జబ్బు చేయునేమోయని వసతిగృహములో కొందఱు బాలురు వాని పులుసు ముట్టరైరి. ఆ భయమునకు తావులేదు. మొక్కల వైరసులు మనుష్యులకు రోగము కలిగింపవు. కాయ పీచుగా నుండును గాని హాని చేయదు.

3. రెంటిని గుర్తించుట

మొదట ఒక్క మచ్చను చూడుడు. బూజు తెగులు మచ్చకు తఱచు అంచు కలదు. లోపల ఎండియో కుళ్లియో యుండును. ఉదయమున మంచుతడి యాఱకముందు ఆకును త్రిప్పి చూచినచో పలుమాఱు నూగో, పిండియో, నల్లచుక్కలో కనబడును. వైరసు తెగులులో కుళ్లు లేదు, నూగు లేదు. రంగు మాఱుటయు, ముడుతలు పడుటయు, ఆకు చిన్నదగుటయు, మొక్క గిడసబారుటయు దాని గుర్తులు.

పిదప ఒక్క మొక్కను చూడుడు. ఆకుమాడు తెగులు ముదురాకులలో మొదలై పైకి వచ్చును. వైరసు గుర్తులు లేతచిగుళ్లలో ముందు తేలును.

పిదప తోటను చూడుడు. నీరు నిలుచుచోటను, గాలియాడని మూలలలోను గుంపుగా చచ్చుచున్నచో బూజును అనుమానింపుడు. ఇక్కడొకటి అక్కడొకటిగా, ముఖ్యముగా గట్టు వెంబడి మొదలై లోనికి వచ్చుచున్నచో, ఎగిరివచ్చు పురుగును, దానితోవచ్చు వైరసును అనుమానింపుడు.

4. మోసపుచ్చు తెగుళ్లు

ముడుతపడిన ప్రతియాకును వైరసని తలపరాదు. మిరపాకు అంచులు పైకి ముడిచి దోనెవలె నున్నచో తామరపురుగులు కారణము కావచ్చును. క్రిందికి ముడిచి తిరుగవేసిన దోనెవలె నుండి, కాడలు పొడవైనచో నల్లి కారణము కావచ్చును. 2021లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల మిరపతోటలపై పడి విశేషనష్టము కలిగించినది క్రొత్తగా వచ్చిన యొక తామరపురుగు. వైరసు కాదు.

పసుపురంగు విషయమున ఈ సూత్రము జ్ఞాపకముంచుకొనుడు: ఈనె పసుపై ఆకు పచ్చగానున్న బెండకు పల్లాకు తెగులు. ఈనె పచ్చగానుండి ఆకు పసుపైనచో నేలలో ఇనుము లోపమేమో విచారింపవలెను.

వంగకు వెఱ్ఱితెగులని యొకటి కలదు. ఆకులు చెవిపోగులంత చిన్నవై, గుబురుగా చీపురువలె పెరుగును, కాయ కాయదు. 1939లో కోయంబత్తూరునుండి థామస్, కృష్ణస్వామి అను శాస్త్రజ్ఞులు ఇది అంటుతెగులని తెలిపిరి. చాలకాలము దీనిని వైరసనియే తలచిరి. 1967లో జపానుదేశస్థులు ఇట్టి తెగుళ్లలో గోడలేని అతిసూక్ష్మమగు బాక్టీరియపు జాతి యున్నదని కనుగొనిరి. నేడు దానిని ఫైటోప్లాస్మా యందురు. దీనిని మోయునది పచ్చదోమజాతి పురుగు.

పచ్చగానుండగనే మొక్క నిలువున వాడుటకు కారణము కనుగొనుటకు సులభమైన ప్రయోగము కలదు. వాడిన టమాట లేక వంగ కాండమును మొదట కోసి, తేటనీరున్న గాజుగ్లాసులో కోసినకొన మునుగునట్లు కదలక పట్టుకొనుడు. కొన్ని నిమిషములలో పాలవంటి తెల్లనితీగ నీటిలోనికి దిగినచో అది బాక్టీరియపు వాడు తెగులు. తెల్లనితీగ దిగక, కాండము చీల్చినప్పుడు లోపలి నాళములు గోధుమరంగుగా నున్నచో బూజువలని వాడు తెగులును అనుమానింపవచ్చును. మా పదవతరగతివారు ఈ ప్రయోగము చేసినప్పుడు తెల్లనితీగ దిగుటచూచి తరగతియంతయు నిశ్శబ్దమయ్యెను.

5. చేయదగిన పనులు

బూజు తెగుళ్లకు: నారుమడి నేలకంటె 15 సెంటీమీటర్లు ఎత్తుగాను, మీటరు వెడల్పుగాను కట్టి, చుట్టును కాలువ తీయవలెను. విత్తనము వరుసలలో పలుచగా పోయవలెను. ట్రైకోడెర్మా యను మంచి శిలీంధ్రపుపొడిని విత్తనమునకు పట్టించుటయు, మాగిన పశువులయెరువులో కలిపి మడికి వేయుటయు మేలు. నీరు ఉదయముననే పెట్టవలెను. సాయంకాలము పెట్టిన నీరు రాత్రియంతయు మొక్కపై నిలుచును. కాయకుళ్లు తగిలిన చెట్లనుండి విత్తనము తీయరాదు. ఒకేచోట ఏటేట వంగ, మిరప, టమాట వేయక, జొన్ననో మొక్కజొన్ననో మార్చి వేయవలెను. బూడిద తెగులునకు నీటిలో కరుగు గంధకము లీటరునకు 3 గ్రాములు చల్లవచ్చును. ఎండ తీవ్రముగా నున్నప్పుడు చల్లరాదు. దోసజాతి తీగలను అది మాడ్చును.

బోర్డో మిశ్రమమును తరగతిలో పెద్దల సమక్షమున చేయుటకు లెక్క: మైలుతుత్తము 100 గ్రాములు 5 లీటర్ల నీటిలో ఒక కుండయందు కరగింపుడు. కాల్చిన రాతిసున్నము 100 గ్రాములు కొద్దినీటితో విరియబోసి, 5 లీటర్లు చేసి వేఱుకుండలో నుంచుడు. తుత్తపునీటిని సున్నపునీటిలో సన్నధారగా పోయుచు కఱ్ఱతో కలుపుడు. ఇనుపపాత్ర వాడరాదు. మెఱుగుపెట్టిన ఇనుపకత్తిని ఒక నిమిషము ముంచితీయుడు. కత్తికి ఎఱ్ఱని రాగిపూత అంటినచో సున్నము చాలలేదు. మరల సున్నపునీరు కలుపవలెను. ఆనాడు చేసినది ఆనాడే వాడవలెను. తుత్తము విషము గనుక పిల్లలు ఒంటరిగా ముట్టరాదు.

వైరసు తెగుళ్లకు: రాకముందే కాపాడుకొనవలెను. నారుమడిపై సన్నని నైలాను వల కప్పవలెను. తోటచుట్టును రెండుమూడు వరుసలు జొన్న లేక మొక్కజొన్న దట్టముగా, ముందుగా, వేయవలెను. ఎగిరివచ్చు పురుగు మొదట ఆ కంచెపై వ్రాలును. పసుపురంగు అట్టలకు జిగురుపూసి మొక్కల ఎత్తున కట్టినచో తెల్లదోమ అంటుకొనును, ఎన్ని వచ్చుచున్నవో లెక్కయు తెలియును. తొలిదశలో వేపనూనె లీటరునకు 5 మిల్లీలీటర్లు, కొద్ది సబ్బునీటితో కలిపి, ఆకు అడుగున తగులునట్లు చల్లవచ్చును. గట్లమీది కలుపును తీసివేయవలెను. ముదిరిన పాతతోట ప్రక్కనే క్రొత్తతోట వేయరాదు. అన్నిటికంటె ముఖ్యము, తెగులు కనబడిన తొలిమొక్కను ఆనాడే పీకి పాతిపెట్టవలెను.

తెగులు నోర్చు విత్తనము కోరుటయు మంచిది. ఐతే దానిని శాశ్వతమని నమ్మరాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనాసంస్థవారు 1960 ప్రాంతమున ఇచ్చిన పూసా సావనీ బెండ మొదట పల్లాకునకు లొంగక దేశమంతట ప్రసిద్ధిపొందెను. కొన్నియేండ్లకు అదియు లొంగిపోయెను. అడవిబెండ జాతులతో సంకరపఱచి పర్భణీ క్రాంతి, బెంగుళూరునుండి అర్క అనామిక వచ్చినవి. ఇవియు కొన్నిచోట్ల లొంగుచున్నట్లు వినబడుచున్నది. వైరసును మాఱును గనుక విత్తనము మార్చవలెను, సేద్యగాని కన్ను మాత్రము ఎల్లప్పుడు తెరచియుండవలెను.

6. తిరిగి మా తోటకు

ఈయేడు వేసవికిని బెండయే విత్తితిమి. విత్తుటకు పదిదినములముందు చుట్టును జొన్న వేసితిమి. పసుపు అట్టలు కట్టితిమి. ప్రతిదినము ఉదయమున ఇద్దఱు విద్యార్థులు మళ్లు చుట్టివచ్చి పుస్తకములో వ్రాయుటకు ఏర్పాటుచేసితిమి. ఒకనాటి ఉదయమున పసుపుఈనె కనబడెను. దానిని కనిపెట్టినది నిరుడు కన్నీరు పెట్టుకొన్న బాలికయే. ఆమె మమ్ము పిలువలేదు. తానే మొక్కను వేరుతోకూడ పీకి, దోమలు ఎగిరిపోకుండ సంచిలోనుంచి, గోతిలో పాతిపెట్టి వచ్చి, పుస్తకములో వ్రాసెను. ఆ పిమ్మటను అడపాదడపా తెగులు కనబడెను, అడపాదడపా మొక్కలు పోయెను. చివరి కోతలనాటికి మళ్ల అంచులు పసుపెక్కినవి. ఐనను వేసవియంతయు వంటశాలకు బెండకాయలకు కొదువలేకపోయెను. మిరపనారునకు ఎత్తుమడి కట్టి, పలుచగా పోసి, వాన వచ్చునని తెలిసినప్పుడు బోర్డో మిశ్రమమును మడిపై పోసితిమి. నారు నిలిచెను.

నిరుడు ప్రశ్నించిన కౌలురైతు ఈసారి వచ్చినప్పుడు ఆయనకు మా సమాధానము చెప్పితిమి: “మందు చెడ్డదికాదు. మీ చేతిలోను లోపములేదు. ఆ మందు ఆ రోగమునకు పుట్టినది కాదు.” ఆయన చాలసేపు మాటాడక, “ఈ మాట అప్పు చేయకముందు తెలిసియుండిన బాగుండెడిది” అని మాత్రము చెప్పి, జొన్నకంచెను చుట్టితిరిగి చూచెను. ఆయన అప్పు మా మాటతో తీరదు. ఐనను మఱియొక తండ్రి అట్టి అప్పు చేయకుండుటకు ఈ వ్యాసము ఉపకరించునేని మా శ్రమ సార్థకము. చదువుకొను బిడ్డలు ఇంటికి పోయినప్పుడు దీనిని పెద్దలకు చదివి వినిపింతురుగాక.

అభ్యాసములు

1. మీయింటి పెరటిలోని ఆకులలో మచ్చ పడినవానిని ఐదింటిని తెచ్చి, వానిలో బూజు గుర్తులు కలవేవో, లేనివేవో విడదీసి వ్రాయుడు.

2. పేనుబంక మోయు మొజాయికునకు పురుగుమందు తఱచు వ్యర్థమగుటకు కారణమేమి?

3. ఈనె పసుపైన ఆకునకును, ఈనె పచ్చగానుండి తక్కినది పసుపైన ఆకునకును భేదము చిత్రించి చూపుడు.

4. బోర్డో మిశ్రమమున ఇనుపకత్తి పరీక్ష దేనికి చేయుదురు?

5. తెగులు కనబడిన తొలిమొక్కను పీకివేయుట క్రూరమా, దయయా? మీ తలిదండ్రులతో మాటాడి పదిపంక్తులలో వ్రాయుడు.